ఎలుకల గదిలో మా చుట్టరికం

మా ఇంట్లో మగపిల్లలకి చెవులు కుట్టరు. ఈ కట్టడి మా అమ్మమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. మగపిల్లాణ్ణి చెట్టెక్కనివ్వరు, కత్తిపీట దగ్గరికి రానివ్వరు, పన్ను కదిలితే దానంతటది ఊడేదాకా ఎవరూ ముట్టుకోరు. ఆడపిల్లలకి మాత్రం ఇవేమీ లేవు. నాకూ మా అక్కకీ మాటలు రాకముందే కంసాలిని పిలిచి చెవులు కుట్టించేశారు, నాకైతే ముక్కు కూడా కుట్టించారు. నేను జామచెట్టు మీంచి పడి మోచెయ్యి చీరుకుపోయి ఇంటికొస్తే, మా అమ్మ ఇంత పసుపు అద్ది, వీపు మీద ఒకటి తగిలించి, మళ్ళీ ఆడుకోమని పంపేసింది. అదే అమ్మ, మా మావయ్య గడప తగిలి కాస్త తూలితే పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేది.

మావయ్య అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. మాది ఉయ్యూరు దగ్గర కాలవ గట్టు మీది ఊరు. మావయ్య వాళ్ళది మా వెనక వీధే. ఆయన కుడి మోకాలు చిన్నప్పటి నుంచీ ఏడాదిలో చాలా రోజులు వాచి ఉండేది. కీలు లోపల రక్తం చేరి చేరి చివరికి ఆ కాలు పూర్తిగా వంగడం మానేసింది. ఆయనకంటే పెద్దవాడు ఇంకో మావయ్య ఉండేవాడట. దవడపన్ను పీకించుకున్నాక నోట్లోంచి రక్తం ఆగక పోయాడని అమ్మ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గించేది, ఆ జబ్బు పక్కగదిలో కూర్చుని వింటుందేమోనన్నట్టు. ఊళ్ళో దాన్ని రక్తం ఆగని జబ్బు అనేవాళ్ళు. ఆసుపత్రిలో హీమోఫిలియా అన్నారు.

పొలం పనికి పనికిరాడని మావయ్య చేత జిరాక్సు కొట్టు పెట్టించారు. మనిషి మంచివాడు, నవ్వుతూ మాట్లాడతాడు, మాటకి నిలబడతాడు. పెళ్ళీడు వచ్చింది. బయటివాళ్ళు పిల్లనివ్వలేదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. జబ్బు దాచి పెళ్ళి చేద్దామని ఎవరో సలహా ఇస్తే మా అమ్మమ్మ ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేసింది. ఆ తరవాత అమ్మ దగ్గరికొచ్చి, "బయటివాళ్ళ పిల్ల గొంతు కొయ్యడం ఎందుకే, మన పిల్లనే ఇచ్చుకుందాం" అంది. మన పిల్ల అంటే మా అక్క. అక్కకి మావయ్య అంటే ఇష్టం కూడా, అందుకని ఏడుపులూ పెడబొబ్బలూ ఏమీ జరగలేదు. మాది క్యాతలిక్కుల కుటుంబం. మేనమామతో పెళ్ళి అంటే దగ్గర చుట్టరికం కాబట్టి, మా చర్చి విచారణ గురువుగారి ద్వారా బిషప్పు దగ్గర్నుంచి ప్రత్యేకంగా అనుమతి తెప్పించుకుని పెళ్ళి చేశారు. నేను అప్పటికి డిగ్రీలో ఉన్నాను. పెళ్ళిలో సుబ్బరంగా బిర్యానీ తిని, పెళ్ళికొడుకుని బావా అని పిలవడం ఎలాగా అని స్నేహితురాళ్ళ ముందు వేళాకోళమాడాను. ఇప్పటికీ బావా అని నోరు తిరగలేదు, మావయ్యే.

అక్కకి మొదట మగపిల్లాడు పుట్టి, పురిట్లోనే పోయాడు. తలలో రక్తం చేరిందన్నారు. పెద్ద డాక్టరు అక్కనీ అమ్మనీ కూర్చోబెట్టి వివరంగానే చెప్పాడట, ఈ జబ్బు తల్లి మోస్తుంది, మగపిల్లలకి సగానికి సగం వచ్చే అవకాశం ఉంది, తండ్రి నుంచి కొడుక్కి రాదు, అని. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఎంత వినబడుతుంది? ఆ మాట బస్సెక్కి ఊరొచ్చేసరికి మా ఇంటి పాత మాటలో కలిసిపోయింది: ఆడపిల్లలకి రాదు. రెండోసారి నెల తప్పగానే అక్క విజయవాడ గుణదల వచ్చి, మేరీమాత కొండకింద మోకరించి మొక్కుకుంది. తల్లీ, ఈసారి ఆడపిల్లనివ్వు, పుట్టాక వచ్చే తిరనాళ్ళకి ఎత్తుకొచ్చి తలనీలాలిస్తాను, నీ సన్నిధిలోనే చెవులు కుట్టిస్తాను, అని. మా వైపు క్రైస్తవులకి ఇది కొత్తేమీ కాదు. తిరనాళ్ళ మూడు రోజులూ కొండ దగ్గర గుండ్లు గీయించుకునే పిల్లల ఏడుపులు, కొబ్బరికాయల చప్పుళ్ళు, మైకులో జపమాల ప్రార్థనలు అన్నీ కలిసే వినిపిస్తాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఉద్యోగం వచ్చింది. కొండపల్లి దారిలో, థర్మల్ పొగగొట్టాలు కనబడేంత దూరంలో ఒక పరిశోధన సంస్థ. దాంట్లో ప్రయోగాలకి జంతువుల్ని పెంచే జంతుశాల, వాటిని చూసుకోవడం నా పని. గుణదలలో ఒక పోర్షను అద్దెకి తీసుకుని రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. కుక్కలూ కోతులూ ఉంటాయేమోనని మా అమ్మ భయపడింది. ఉన్నవి చిట్టెలుకలు. నల్లటివి, బొటనవేలంత ఒళ్ళు, మెరిసే కళ్ళు. లోపలికి వెళ్ళాలంటే బట్టలు మార్చుకుని, తలకి టోపీ, కాళ్ళకి తొడుగులు వేసుకుని, గాలి జల్లెడ పట్టే గదిలో నిలబడాలి. తినేదీ తాగేదీ, కింద పరిచే మొక్కజొన్న కండెల పొడితో సహా అన్నీ ఆవిరిలో శుభ్రం చేసినవే. బయట విజయవాడ ఎండ మండిపోతున్నా లోపల వాటికి ఎప్పుడూ ఒకటే వాతావరణం. మనుషులకి కరెంటు పోయినా వాటికి పోదు.

నన్ను వేసిన గది వారసత్వంగా వచ్చే రక్తస్రావ జబ్బులది. జన్యువుల్లో ఏ ముక్క చెడిపోతే రక్తం గడ్డకట్టదో, ఆ ముక్కని పుట్టుకలోనే తీసేసిన ఎలుకలు అవి. కొత్త మందు ఏది వచ్చినా మనుషులకి ఇచ్చేముందు వాటిమీద చూస్తారు. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలిసింది. నా దారిన నేను ఊరు వదిలి వచ్చేస్తే, మా ఇంటి జబ్బు నాకంటే ముందొచ్చి తెల్లటి దీపాల కింద, అద్దాల పెట్టెల్లో కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వేరే గదికి మారుస్తారేమోననుకున్నాను. నాకు అక్కడే ఉండాలనిపించింది.

ఆ గదికీ మా ఇంట్లోలాగే కొన్ని కట్టడులున్నాయి. పక్క గదుల్లో ఏది ఏదో గుర్తుపట్టడానికి ఎలుక చెవికి చిన్న గాటు పెడతారు. మా గదిలో పెట్టకూడదు, తోకమీద మార్కరు పెన్నుతో గీతలు గీసి, చెరిగిపోతుంటే మళ్ళీ మళ్ళీ గీయాలి. పక్క గదుల్లో పరీక్షకి తోక కొస కాస్త కత్తిరిస్తారు. మా గదిలో కత్తిరిస్తే వెంటనే కాల్చి మూసెయ్యాలి, ఆ తరవాత కూడా పదేపదే చూసుకోవాలి. ఒకసారి వేరే ఊరి నుంచి వచ్చిన పశువైద్యుడొకాయన ఒక ఈతలోని పిల్లలన్నిటికీ అలవాటుగా తోకలు కత్తిరించేసి, దూది అద్ది వెళ్ళిపోయాడు. సాయంత్రం బాగానే తిరుగుతూ కనిపించాయి. మర్నాడు నేను మూత తీసేసరికి కింద పరిచిన పొడి ఎర్రగా ముద్దకట్టి ఉంది. కొన్ని బతికే ఉన్నాయి, వాటికి జబ్బు లేదన్నమాట. నన్ను భయపెట్టింది ఆ రక్తం కాదు. ముందురోజు సాయంత్రం అన్నీ ఒక్కలాగే కనబడటం. ఆ జబ్బున్న ఎలుకని చూస్తే ఏమీ తెలియదు. తింటుంది, పరిగెడుతుంది, నిద్రపోతుంది. సూదో కత్తెరో తగిలేదాకా తెలియదు.

ఆడ ఎలుకల సంగతి నాకు తెలిసింది ఆ తరవాత. మా గది బాధ్యత చూసే డాక్టరుగారు ఒకామె ఉండేవారు, నిదానస్తురాలు, పని చేస్తూనే పాఠం చెప్పేవారు. ఒకరోజు, "జబ్బున్న ఆడవి కావాలమ్మా, కొత్త పనికి. జతలు వెయ్యాలి" అన్నారు. నేను తెలివిగా, ఆడవాటికి రాదు కదండీ అన్నాను. ఆవిడ నావైపు తిరిగి కూడా చూడకుండా చెప్పారు.

"ఊరికే రాదు. మగదానికి ఆ జన్యువు ఒకటే ఉంటుంది, అది చెడితే జబ్బు. ఆడదానికి రెండుంటాయి, ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. పైకి ఏమీ తెలియదు, మోస్తుంది అంతే. మరి ఆడదాంట్లో రెండూ చెడాలంటే ఏం చెయ్యాలి? జబ్బున్న మగదాన్ని తెచ్చి, మోస్తున్న ఆడదానితో వెయ్యాలి. తండ్రి దగ్గరున్నది కూతుళ్ళందరికీ వచ్చి తీరుతుంది. తల్లి నుంచి కూడా చెడ్డదే వస్తే, అయిపోయింది."

"మోస్తున్నవి ఎక్కడ దొరుకుతాయండీ?"

"ఎక్కడో ఎందుకు, దాని సొంత చుట్టాల్లోనే. బయట నుంచి తెస్తే మంచి రక్తం కలిసిపోతుంది కదమ్మా."

ఆ రోజు నేను జత చేసిన మగదానికి ఆ ఆడది అక్క కూతురు. పెట్టెల మీది చీటీలు చూసి వేసింది నేనే. మూత మూసి నిలబడ్డాను. మగది ఒక మూల, ఆడది ఒక మూల. ఊళ్ళో మా అక్కకి అప్పుడు ఏడో నెల. బయటి మంచి రక్తం కలవకూడదని ఇంత జాగ్రత్తగా, ఇన్ని చీటీలు పెట్టుకుని మేం చేస్తున్న పనిని, మా అమ్మమ్మ పక్కవాళ్ళ పిల్లకి అన్యాయం చెయ్యకూడదని చేసింది. నేను టోపీ చెవుల మీదికి లాక్కుని, చీటీ ఇంకోసారి చదివాను. డాక్టరుగారు, ఏసీ ఎక్కువైందా అని అడిగారు.

సాయంత్రం ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. అమ్మ సాంతం విని, "ఎలకలకీ మనకీ పోలికేంటే? నీళ్ళోసుకున్న పిల్ల చెవిన ఇలాంటివి పడెయ్యకు" అని ఫోన్ పెట్టేసింది. నాకు కోపం తొందరగా వస్తుంది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. మావయ్యకి చేశాను. ఆయన జిరాక్సు మిషను చప్పుడులో, "నా నుంచి మగపిల్లాడికి రాదని డాక్టరు చెప్పాడమ్మా, ఆడపిల్లయితే అసలు గొడవే లేదు" అన్నాడు. ఆయన గొంతులో అంత ధైర్యం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దాన్ని పూర్తిగా విరగ్గొట్టలేక, ఆడపిల్లలకీ రావచ్చని మాత్రం చెప్పాను. పుట్టాక పరీక్ష చేయిద్దాం అన్నాను. సరేలే అన్నాడు, అది ఒప్పుకున్న సరే కాదు.

ఆడపిల్లే పుట్టింది. ఆపరేషన్ చేసి తీశారు, బిడ్డకి గీత కూడా పడలేదు. ఊరంతా మిఠాయి పంచారు. అమ్మ ఫోన్లో ఏడుస్తూ, "గండం గడిచిందే" అంది. నేను వెళ్ళి ఎత్తుకున్నాను. ఉంగరాల జుట్టు, మావయ్య గెడ్డం. ఆ పసిదాన్ని చూసి అందరూ నవ్వుతుంటే నేను ఒక్కదాన్నే దాని వేళ్ళూ అరికాళ్ళూ వెతుకుతున్నాను. ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోవడం నాకు ధైర్యమివ్వలేదు. పరీక్ష మాట ఎత్తితే అక్క, "రక్తం ఆగదంటావు, మళ్ళీ రక్తం తీసి చూద్దామంటావు. నీకేమైనా పిచ్చా" అంది. ఆ తరవాత నేను వెళ్ళినప్పుడల్లా పాపని నా చేతికివ్వడానికి వెనకాడేది. నా చేతులకి ఎలుకల వాసనుంటుందని వంక.

తిరనాళ్ళు వచ్చాయి. పాప అప్పటికి పట్టుకుని నిలబడుతోంది. అమ్మ, అక్క, మావయ్య, పాప ముందురోజు మధ్యాహ్నానికే గుణదలలో నా పోర్షనుకి దిగారు. మా వీధినిండా జనం, కొవ్వొత్తుల కొట్లు, జీళ్ళ కొట్లు, కొండమీంచి మైకులో పాటలు. అమ్మ ఒక చిన్న డబ్బా తీసి చూపించింది, బంగారు పోగులు. కంసాలి మర్నాడు పొద్దున కొండకింద కలుస్తానన్నాడట. నేను డబ్బా మూత మూసి అమ్మకిచ్చేశాను. గొడవ ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

మొదలుపెట్టింది పాపే. అక్క దానికి నీళ్ళు పోస్తూ తువ్వాలు తెమ్మంది. తువ్వాలు పట్టుకుని వెళ్ళేసరికి పాప నా వైపు చేతులు చాచింది. రెండు చంకల కింద, పక్కటెముకల మీద, నీలంగా మచ్చలు. ముందువైపు పెద్దది ఒకటి, వెనకవైపు చిన్నవి నాలుగు. పిల్లని ఎత్తుకునేటప్పుడు మన బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, మిగతా వేళ్ళు ఎక్కడ ఆనుతాయో సరిగ్గా అక్కడే.

"ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయివి?" అన్నాను.

"పాకడం మొదలెట్టిన కాడ్నించి. సుకుమారం దానికి, పట్టుకుంటే కమిలిపోద్ది. టీకాలకి తొడ వాస్తే, అందరు పిల్లలకీ వాస్తుందన్నారు. అమ్మ దిష్టి తీసింది" అంది అక్క.

"అక్కా, రేపు చెవులు కుట్టించొద్దు."

అక్క తువ్వాలు నా చేతుల్లోంచి లాక్కుంది. "మళ్ళీ మొదలెట్టావా?"

"పరీక్ష చేయించి, ఏమీ లేదంటే రేపు కాకపోతే ఎల్లుండి కుట్టిద్దాం. తిరనాళ్ళు మూడు రోజులుంటాయి."

"రేపు పెద్ద పూజ టైముకని మొక్కుకున్నాను. మొక్కు తప్పితే ఏమవుతుందో నీకు తెలుసా? ఒకణ్ణి ఇచ్చేశాను. దీన్ని కూడా ఇచ్చెయ్యమంటావా?"

 అక్కకి భయం మాత పట్ల, నాకు భయం సూది పట్ల. ఇద్దరం భయపడుతున్నది ఆ పిల్ల గురించే. కానీ నాకు ఓపిక తక్కువ. "మీరు చేసిన పెళ్ళి ఎలాంటిదో తెలుసా? మా గదిలో జబ్బున్న ఆడ ఎలుకలు కావాలంటే నేను చేసేది అదే" అనేశాను. అమ్మ నా నోరు మూయడానికి లేచి వచ్చింది. అప్పటిదాకా గుమ్మంలో కుర్చీ వేసుకుని, వంగని కాలు చాపుకుని కూర్చున్న మావయ్య, "ఉండక్కా, చెప్పనియ్యి" అన్నాడు.

నేను చెప్పాను. గట్టిగా మొదలుపెట్టి, మెల్లగా చెప్పాను. ఆడవాళ్ళకి రెండెందుకుంటాయో, మగవాళ్ళకి ఒకటెందుకో, ఆయన దగ్గరున్నది పాపకి వచ్చి తీరిందనీ, అక్క దగ్గరున్న రెండిట్లో ఏది వచ్చిందో మాత్రమే తెలియాలనీ. మావయ్య మధ్యలో ఒకటే ప్రశ్న అడిగాడు.

"మీ మగ ఎలక్కి ఎవర్ని ఇస్తారమ్మా?"

"దొరికినదాన్ని బట్టి. తల్లినైనా, చెల్లెల్నైనా. మొన్న నేను వేసింది అక్క కూతుర్ని."

ఆయన తన మోకాలు నిమురుకున్నాడు. బయట పాట ఆగి జపమాల మొదలైంది. అక్క పాపకి గౌను తొడుగుతూ మా ఇద్దరివైపూ చూడలేదు. చివరికి ఆయన, "రేపు పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర ల్యాబుకి పోదాం. జుట్టు మొక్కు మధ్యాహ్నం తీరుద్దాం. చెవులు ఆగుతాయి. తల్లికి నేను చెప్పుకుంటాను, పాపం ఏమన్నా ఉంటే నాకు తగలనియ్యి" అన్నాడు. ఇంట్లో ఆయన మాట గట్టిగా చెప్పడం అదే మొదటిసారి. అక్క ఎదురు చెప్పలేదు, కానీ ఆ పూట అన్నం తినలేదు.

పొద్దున ల్యాబులో రక్తం తీసే అమ్మాయికి నేను ముందే అంతా చెప్పాను. ఆ అమ్మాయి, "అలాగేనండీ, చిన్న సూదే వాడతాను" అని చేతివెనక నరం ఒక్కసారికే దొరకబుచ్చుకుంది. నీలం మూత గొట్టంలోకి కాస్త రక్తం తీసి, దూది పెట్టి, గట్టిగా నొక్కి ఉంచమని నాకిచ్చింది. రిపోర్టు రేపిస్తామంది. పాప ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. నేను నొక్కుతూనే ఉన్నాను. ఆటోలో నొక్కాను, గుణదల వచ్చేదాకా నొక్కాను. ఇంటికొచ్చి దూది తీస్తే ఏమీ లేదు, సూది గుచ్చిన చోట చిన్న చుక్క. అక్క నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. ఏదీ నీ జబ్బు, అన్నట్టు. నేను కూడా, దేవుడా ఈ ఒక్కసారికి నేనే వెర్రిదాన్నని తేల్చు, అని నిజంగానే కోరుకున్నాను.

మధ్యాహ్నం కొండ దగ్గరికి వెళ్ళాం. గుండు గీయించకుండా మూడు కత్తెర్లు ఇచ్చి మొక్కు తీర్చుకోవచ్చని మావయ్య అన్నాడు. పెళ్ళయిన ఆడవాళ్ళు చాలామంది అలాగే ఇస్తారు. పాప జుట్టులోంచి మూడు చోట్ల కొసలు కత్తిరించారు. కత్తెర దాని చెవి పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నేను నా చెయ్యి అడ్డం పెట్టాను. ఏమీ కాలేదు. అక్క పోగుల డబ్బా చేతిలో పట్టుకుని, కొండమీది మాత స్వరూపం వైపు చూస్తూ, పెదవులు కదిలిస్తూ నిలబడింది. ఆ జనంలో, ఆ కొవ్వొత్తుల వేడిలో, క్షమాపణ అడుగుతోందని నాకు అర్థమైంది. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పాప చెయ్యి తేడాగా కనిపించింది. సూది గుచ్చిన చోట బయటికి ఒక్క చుక్క రాలేదు, లోపల మాత్రం ఉబ్బుతోంది. చేతివెనక గుండ్రంగా లేచి, నీలంగా మారి, వేళ్ళ మొదళ్ళ దాకా పాకింది. పాప ఆ చెయ్యి వాడకుండా ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో బిస్కట్టు తింటోంది. మావయ్య వంగి ఆ చేతిని చూశాడు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, ఆ వాపుని ఆయన ఒంటిమీద ఎన్నిసార్లు చూసుకున్నాడో. "ఇది నాదే" అన్నాడు.  అమ్మ అక్క చేతిలోని పోగుల డబ్బా తీసుకుని బ్యాగు అడుగున పెట్టేసింది. నా మాట నిజమైనందుకు నాకు కలిగినది బాధ ఒక్కటే అని రాస్తే అబద్ధం. భయం కూడా కలిగింది. అంత సన్నటి సూదికే ఇలా అయితే, రెండు చెవులకీ రెండు పోగులు దిగి ఉంటే ఏమయ్యేది అని.

అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాం. రక్తం గడ్డకట్టించే మందు ఎక్కిస్తే వాపు ఆగింది. మర్నాడు రిపోర్టులో రక్తానికి గడ్డకట్టే గుణం ఎంతుందో అంకె వచ్చింది, మావయ్య అంకె పక్కన పెడితే పెద్ద తేడా లేదు. డాక్టరు ఆడపిల్లలో ఇది చాలా అరుదన్నాడు. తండ్రీ తల్లీ ఏమవుతారని అడిగి, విని, కాసేపు కలం పక్కన పెట్టాడు. ఆ తరవాత దయగానే మాట్లాడాడు. మందులున్నాయి, జాగ్రత్తగా పెంచుకోవచ్చు, చెవులూ ముక్కూ ముట్టుకోవద్దు, టీకాలు వేసేముందు చెప్పండి, పడినా దెబ్బ తగిలినా వెంటనే తీసుకురండి. అక్క అన్నిటికీ తలూపింది. బయటికొచ్చాక, "ఆడపిల్లని అడిగాను. ఆడపిల్లనే ఇచ్చింది. ఇంకేం అడగాలో నాకు తెలియలేదే" అంది నాతో. అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా నేనూ ఏడ్చాను.

తిరనాళ్ళు అయిపోయిన మర్నాడు ఊరికి బయల్దేరారు. మావయ్య ఆటో కోసం వీధిలోకి వెళ్ళాడు. అక్క మంచం మీద బ్యాగు పెట్టుకుని పాప బట్టలు సర్దుతోంది. పాప కింద చాపమీద మంచంకోడు పట్టుకుని లేవడం, కూలబడటం, మళ్ళీ లేవడం. అది కూలబడ్డ ప్రతిసారీ మేమిద్దరం ఒకేసారి చెయ్యి చాపుతున్నాం. చాలా రోజుల తరవాత అక్క నాతో మామూలుగా మాట్లాడింది.

"మీ గదిలో ఆడవి ఉన్నాయన్నావు కదా, ఈ జబ్బుతోటి. అవి పెద్దవుతాయా?"

"అవుతాయక్కా."

"పిల్లల్ని పెడతాయా?"

"పెడతాయి. చాలావరకు బాగానే పెడతాయి. నేను చూశాను కదా."

అక్క మొహం కాస్త తేటపడింది. నా ఉద్యోగం గురించి అది ఇష్టంగా అడగడం అదే మొదటిసారి, అందుకని నేను ఇంకా చెప్పాను. వాటికి మెత్తటి గూడు ఎలా కడతామో, దెబ్బలాడుకోకుండా ఎలా విడదీస్తామో, ఎంత కాలం బతుకుతాయో. అది గౌను మడతపెడుతూ శ్రద్ధగా వింది. మడతపెట్టిన గౌను బ్యాగులో పెట్టి, నా వైపు తిరిగింది.

"మరి ఈడేరాక నెలనెలా వాటికి ఎలా ఆపుతారే?"

ఆ గదిలో చేరిన దగ్గర్నుంచీ నేను ఎన్నో నేర్చుకున్నాను. ఏ గాయానికి ఎంతసేపు నొక్కాలో, ఏ మందు ఎంతలో పనిచేస్తుందో, రక్తం ఆగిందని ఎప్పుడు నమ్మాలో. నాకున్న తెలివంతా పోగేసి చూశాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఎలకలకి నెలసరి ఉండదక్కా."

అక్క వంగి పాపని ఎత్తుకుంది, చంకల కింద చేతులు పెట్టకుండా, డాక్టరు చూపించినట్టు పిర్రల కింద అరచెయ్యి వేసి. వీధిలోంచి మావయ్య, ఆటో వచ్చింది రమ్మని పిలుస్తున్నాడు.

"దీనికి ఉంటుంది కదా" అంది.